గాజు సముద్రానికి ముక్కు

సముద్రం ఉన్న ఊళ్లో, సముద్రం కనపడని వీధిలో, ఒక ఇల్లుంది. ఆ ఇంటి హాల్లో ఒక సముద్రముంది.

నవ్వకండి, నిజం సముద్రమే. గాజు గోడల మధ్య ఉంది కాబట్టి చూసినవాళ్లు అక్వేరియం అనేవాళ్లు, అంతే తేడా. నీళ్లు ఉప్పగానే ఉండేవి. అడుగున తెల్ల ఇసుక, ఇసుక మీద రాళ్లు, రాళ్ల మీద ప్రాణమున్న పగడాలు. చొక్కా బొత్తాలంత పగడాలవి. పొద్దున దీపం వేయగానే ఆకుపచ్చగా, ఊదాగా విచ్చుకునేవి. దీపం తీయగానే ముడుచుకుని పడుకునేవి. పైన ఓ వలగుడ్డ తప్ప మూత లేదు. సముద్రానికి మూతేమిటని ఇంటాయన పెట్టలేదు.

ఆ సముద్రంలో జనాభా తక్కువ. నారింజ రంగు చేపల జంట ఒకటి. ఒంటి మీద తెల్ల పట్టీలు, చూస్తే ఎవరో కూర్చుని రంగులేసినట్టుండేవి. ఆడ చేప పెద్దది, మగ చేప చిన్నది, పెత్తనమంతా ఆవిడదే. ఓ నత్త ఉండేది గానీ దాని గురించి చెప్పడానికేమీ లేదు. ఇక మిగిలింది రొయ్య. దాని వీపు ఎర్రగా, నడుమ పొడుగునా తెల్ల గీతతో, మొహాన బారెడు తెల్ల మీసాలతో పెద్దమనిషిలా ఉండేది. దాని వృత్తి శుభ్రం చేయడం. చేపలు వచ్చి నోరు తెరిచి నిలబడితే, నిర్భయంగా లోపలికి దూరి, పళ్ల సందుల్లో ఇరుక్కున్నది ఏరి తినేది. ఆ నోరు ఒక్కసారి మూసుకుంటే రొయ్య పని అయిపోయినట్టే. అయినా ఏనాడూ మూసుకోలేదు, అది వాళ్ల మధ్య మర్యాద.

ఇంకొకటుంది. ఆ సముద్రం వెనకాల, ఎవరి కంటా పడని మూల, ఒక గొట్టం ఉండేది. నీళ్లలోని మురికిని నురగ చేసి పైకి తెచ్చి, ఓ చిన్న కప్పులో పడేయడం దాని పని. పగలూ రాత్రీ గురగురలాడుతూ ఉండేది. ఇంట్లోవాళ్లు ఫ్యాను చప్పుడు మర్చిపోయినట్టే ఆ చప్పుడూ మర్చిపోయారు. నురగ రావాలంటే గాలి కావాలి కదా, ఆ గాలి ఎక్కణ్ణించి వస్తోందని ఎవరూ అడగలేదు. మీరు మాత్రం ఆ ప్రశ్న కాస్త గుర్తుపెట్టుకోండి.

ఇక ఇల్లాలి సంగతి. ఆవిడ మంచిది. ముందే చెబుతున్నాను, ఈ కథలో చెడ్డవాళ్లెవరూ లేరు, ఊరికే వెతక్కండి. కానీ ఆవిడకి శుభ్రం పిచ్చి. ఆ పిచ్చి కూడా ఊరికే పట్టలేదు. కాపురానికొచ్చిన కొత్తలో ఆడపడుచు వచ్చింది, ఇంటాయనకి అక్క. వచ్చిన మనిషి కూర్చోకముందే టీవీ మీద చూపుడువేలు పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరకి రాసి, ఆ వేలు పైకెత్తి పదిమంది ముందూ చూపించింది. ఒక్క మాట అనలేదు. ఏదో ఒకటి అనేసినా బాగుండేది. ఆ అనకపోవడమే ఇల్లాలి మనసులో ముల్లయి దిగబడిపోయింది, సిగ్గుతో ఆ పూట అన్నం సహించలేదు.

ఆ మర్నాడే నీలం నీళ్ల స్ప్రే సీసా ఆ ఇంట్లోకి వచ్చింది.

సీసా కూడా మంచిదే, తన మటుకు తను. నిక్కచ్చి మనిషి లాంటిది. ఎక్కడ కొట్టినా మచ్చ మిగల్చదు, పైగా నిమ్మకాయ వాసన. సింకు కింద ఫినాయిలు డబ్బా, గిన్నెలు తోమే పీచు, చీపురు కూర్చుని కబుర్లాడుకుంటుంటే ఇది మాత్రం కలిసేది కాదు. వాళ్లంతా మురికితో చేతులు కలిపి పనిచేసేవాళ్లని, తను మాత్రం దూరం నుంచే పని ముగిస్తుందని దాని గొప్ప.

ఏళ్లు గడిచాక, హాల్లోకి సముద్రం వచ్చిన కొత్తలో, ఇంటాయన ఆఫీసుకు పోతూ పెళ్లాంతో ఒకే ఒక్క మాట చెప్పాడు. ఆయన మాట్లాడేదే తక్కువ, చెప్పేదేదో సగం చెప్పి మిగతా సగం మింగేసే మనిషి.

"ఏది తుడిచినా తుడుచుకో గానీ, ఆ గాజు మీద మాత్రం స్ప్రే కొట్టకు."

ఆవిడ ఆ మాట శిరసావహించింది. ఏ రోజూ గాజు మీద ఒక్క చుక్క కొట్టలేదు. టీవీ మీద కొట్టింది, టీపాయ్ మీద కొట్టింది, షోకేసు మీద, కిటికీ ఊచల మీద, ఫ్యాను రెక్కల మీద కొట్టింది. ఆఖరికి రిమోట్ మీద కూడా కొట్టింది. అక్వేరియం దగ్గరికి వచ్చేసరికి సీసాని కింద పెట్టేసి, గుడి ముందు చెప్పులు విడిచినంత భక్తిగా, పొడిగుడ్డతో గాజు తుడిచేది. మాటంటే మాటే ఆవిడకి. తుడవడం అయ్యాక తలుపులూ కిటికీలూ బిగించేసేది, బయటి దుమ్ము లోపలికి రాకూడదని. లోపలి నిమ్మ వాసన బయటికి పోయే దారీ అదే అని ఆవిడకి తట్టలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆడ చేప గుడ్లు పెట్టింది. రాతి పక్కన నున్నటి చోటు చూసి, నారింజ రంగు ముత్యాలు అతికించినట్టు, వరసగా. పెట్టి తన దారిన తను పోయింది. ఆ జాతిలో పెంపకం తండ్రిది. మగ చేప ఒక్క క్షణం ఆ రాయిని వదల్లేదు. రెక్కలతో నీళ్లు విసురుతూ, గుడ్డు గుడ్డునీ మూతితో నిమురుతూ, తిండి కూడా మానేసి కాపలా కాసింది. ఇంతా చేస్తే కొన్నాళ్లకి గుడ్లు తెల్లబడ్డాయి. ఉడికిన గుడ్డు తెల్లసొన చూశారా, అలా. ఒక్కటి మిగల్లేదు. తండ్రి చేప ఖాళీ రాతికి ఇంకా రెక్కలతో విసురుతూనే ఉంది. అది చూడలేక నత్త కూడా మొహం తిప్పుకుంది.

సముద్రంలో పంచాయితీ పెట్టారు. ఎవరు చేశారని. అందరి చూపూ రొయ్య మీద పడింది. అందరి నోళ్లలోనూ చేతులు పెట్టేది తనే కదా, గుడ్ల మీద కూడా పెట్టే ఉంటుందని ఆడ చేప తేల్చేసింది. రొయ్య తన తప్పేమీ లేదని, కొన్నాళ్లుగా నీళ్లలో ఏదో తేడా రుచి వస్తోందని, పసుప్పచ్చగా పుల్లగా ఉందని చెప్పుకుంది. ఆడ చేప జన్మలో నిమ్మకాయ చూడలేదు. కాబట్టి అదంతా కట్టుకథ అంది. రొయ్యని వెనక రాయి చాటుకి వెలేశారు. ఆ రోజు నుంచి ఎవరూ దాని ముందు నోరు తెరవలేదు.

ఒకరోజు ఇల్లాలు తుడుస్తూ తుడుస్తూ ఫోను మోగితే సీసాని అక్వేరియం పక్కనే బల్ల మీద పెట్టి వెళ్లింది. వెనక రాయి చాటు నుంచి రొయ్య దాన్ని చూసింది. గాజుకి అటూ ఇటూ శుభ్రం చేసేవాళ్లిద్దరూ ఎదురుపడడం అదే మొదలు.

"నువ్వూ శుభ్రం చేస్తావటగా," అంది రొయ్య. "తీసిన మురికిని ఏం చేస్తావు?"

"చంపేస్తాను," అంది సీసా.

"నేను తినేస్తాను. చంపాక మరి అది ఎక్కడికి పోతుంది?"

"ఎక్కడికో పోతుంది. గాల్లో కలిసిపోతుంది. అది చూసుకోవడం నా పని కాదు."

"గాల్లో కలిసింది ఎక్కడికి పోతుంది?"

సీసాకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. దూరం నుంచి పనిచేసేవాళ్లకి ఇలాంటి ప్రశ్నలు అలవాటుండదు. ఈలోగా ఇల్లాలు వచ్చి దాన్ని తీసుకుని వెళ్లిపోయింది, మొహంలో రక్తం లేకుండా. ఫోను చేసింది ఆడపడుచు. వచ్చే శుక్రవారం వస్తున్నాననీ, నాలుగు రోజులుంటాననీ.

అప్పటికే చేపలు రెండోసారి గుడ్లు పెట్టాయి. ఈసారి ఇల్లాలు కూడా చూసింది. కూర పొయ్యి మీద పెట్టి హాల్లోకొచ్చి, తండ్రి చేప రెక్కలాడించడం చూస్తూ నిలబడిపోయేది. అది అచ్చం కుంపటి రాజేస్తున్న మనిషిలా విసురుతోందని నవ్వుకునేది. తన పిల్లలు చిన్నప్పుడు కరెంటు పోతే విసనకర్రతో ఇలాగే విసిరానని గుర్తొచ్చేది. ఆ పిల్లలిప్పుడు హాస్టల్లో ఉండి, ఫోన్లో ఒక్క ముక్క మాట్లాడి పెట్టేస్తున్నారు. ఎవరికీ చెప్పలేదు గానీ, ఆ గుడ్ల మీద ఆవిడ ప్రాణం పెట్టేసుకుంది. పొద్దున లేవగానే పాలు పొయ్యి మీద పెట్టకముందే ఒకసారి రాతివైపు చూసేది. ఆ గుడ్లు పిల్లలవ్వాలి, అంతే, ఆవిడకి ఇంకేమీ అక్కర్లేకపోయింది.

అవునుగానీ ఆడపడుచు వస్తోంది కదా. ఇల్లాలు కొంగు నడుముకి దోపింది. ఇక చూసుకోండి. షోకేసులో బొమ్మ బొమ్మకీ స్నానం, కర్టెను కర్టెనుకీ ఉతుకు, గోడల మీద కూడా నీలం నీళ్లు. సీసా ఖాళీ అయితే ఇంకోటి తెప్పించింది. హాల్లో అడుగుపెడితే ముక్కులు మండిపోయేవి. సీసాకి అది పండగే, దాని జన్మలో అంత పని ఎప్పుడూ దొరకలేదు.

పగడాలు ముడుచుకున్నాయి. దీపం వేసినా విచ్చుకోలేదు. వెనకాల గొట్టంలో నురగ, పాలు పొంగినట్టు పొంగి, కప్పు దాటి కిందికి కారింది. గుడ్లలో ఓ అంచున ఉన్నవి తెల్లబడడం మొదలెట్టాయి. తండ్రి చేప తెల్లబడ్డవాటిని ఒక్కొక్కటే మూతితో తీసి అవతల ఉమ్మేసి, మిగిలినవాటి మీదకి ఇంకా గట్టిగా విసిరేది. ఇంటాయన సాయంత్రం వచ్చి చూసి, చొక్కా చేతులు మడిచి, సగం నీళ్లు మార్చాడు. మర్నాటికి మళ్లీ అదే తంతు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని రాయినీ గుడ్లనీ పరీక్షగా చూశాడు. నాకేం అర్థం కావడంలేదని మాత్రం అన్నాడు.

ఇల్లాలికి అర్థమైపోయింది. అంటే, అయిందనుకుంది. మొన్న పక్కింటావిడ పంచదార అడగడానికొచ్చి, అక్వేరియం ముందు నిలబడి, అబ్బ ఎంత ముద్దుగా ఉన్నాయో అని మెటికలు కూడా విరవకుండా వెళ్లిపోయింది. దిష్టి. ఇంకేముంటుంది? ఎండుమిరపకాయలు, ఉప్పు, ఆవాలు గుప్పిట్లో పట్టుకుని అక్వేరియం ముందు నిలబడింది. వెనకాల గోడ కదా, చుట్టూ తిప్పడానికి లేదు. ముందువైపే గాల్లో సున్నాలు చుట్టింది. పొయ్యిలో పడేస్తే ఘాటు రాలేదు. చూశారా ఎంత దిష్టో అని మొగుణ్ణి గదమాయించింది. ఆయన కాదనలేదు. తెలియనివాడు తెలిసినవాళ్లని కాదనడం ఎలా?

దిష్టి తీశాక సాంబ్రాణి వేయాలి. అది ఆ ఇంటి పద్ధతి. నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, గిన్నె పట్టుకుని హాలంతా తిప్పింది. దిష్టి మూలల్లో దాక్కుంటుందని వాళ్లమ్మ చెప్పేది. అందుకని ఆఖరున, ఎన్నడూ వెళ్లని అక్వేరియం వెనక మూలకి వంగి గిన్నె అక్కడ పెట్టింది.

పొగ పైకి లేచింది. జానెడు లేచి, పక్కకి వంగింది.

ఇల్లాలు కళ్లు నులుముకుంది. పొగ సన్నటి దారంలా అయి, గోడవైపు పోయి, పెన్సిలంత లావున్న ఓ చిన్న పైపు చివర్లోకి దూరిపోతోంది. గిన్నె ఇటు జరిపింది, పొగ మళ్లీ అటే వంగింది. అటు జరిపింది, ఇటు వంగింది. ఎవరో కనపడని మనిషి అక్కడ కూర్చుని ముక్కుతో పీలుస్తున్నట్టే ఉంది. ఆవిడ చూస్తుండగానే గొట్టంలో నురగ గుప్పుమని లేచి కప్పు అంచుకి వచ్చింది.

"ఏవండీ, ఇటు రండి. ఇది ఊపిరి పీలుస్తోందండీ."

ఇంటాయన తాపీగా వచ్చాడు. "అవును, నురగకి గాలి కావాలిగా. అది లాగుతూ ఉంటుంది," అన్నాడు.

"ఎక్కడి గాలి?"

"ఎక్కడిదేముంది, ఈ గదిలోదే," అన్నాడు. అని, తలుపులు బిగించి ఉన్న హాలంతా ఒకసారి కలయజూశాడు. మింగేసిన సగం మాట ఏమిటో ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది.

ఇల్లాలు నేల మీద చతికిలబడింది. టీవీ, టీపాయ్, షోకేసు, ఫ్యాను రెక్కలు, రిమోటు, అన్నీ ఒక్కొక్కటే కళ్ల ముందు తిరిగాయి. తను కొట్టిన ప్రతి చుక్కా ఈ పెన్సిలంత ముక్కులోంచి లోపలికి పోయింది. మొదటి గుడ్లు తెల్లబడ్డ రోజు ఎంత నిమ్మ వాసన కొట్టిందో కూడా గుర్తొచ్చింది. ఆవిడ కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి.

"నేను గాజు మీద కొట్టలేదండీ," అంది.

"నాకు తెలుసు. చెప్పాల్సింది సగమే చెప్పాను," అన్నాడాయన. "తప్పు నాది."

ఇద్దరూ ఆ తప్పు కోసం కాసేపు పోటీపడ్డారు. పెళ్లయ్యాక ఆ ఇంట్లో తప్పు నాదంటే నాదని పోట్లాడుకోవడం అదే మొదటిసారి. తర్వాత ఏడుపు ఆపి ఇద్దరూ పనిలోకి దిగారు. ముందు సాంబ్రాణి గిన్నె వీధిలోకి పోయింది. తలుపులు బార్లా తెరుచుకున్నాయి. ఆయన నీళ్లు మార్చాడు, మురికిని పీల్చే బొగ్గు నింపిన సంచి ఒకటి నీళ్లలో వేలాడదీశాడు. ఆవిడ సబ్బు వాడకుండా మోచేతుల దాకా చేతులు కడుక్కుని వచ్చి, బకెట్లు అందించింది. ఆ చిన్న పైపుకి ఇంకో పొడుగాటి పైపు తగిలించి, కిటికీలోంచి బయటికి పెట్టారు. అప్పటినుంచి ఆ సముద్రం వీధి గాలి పీల్చింది. వీధిలో పకోడీల బండి ఉంది, మల్లెపూలమ్మే మనిషి ఉంది, ఆటోలున్నాయి. ఎలా చూసినా నిమ్మ వాసన కన్నా నయమే. దూరంగా అసలు సముద్రం కూడా ఉంది, గాలి అటునుంచి వీచినప్పుడు దాని వాసనా వచ్చేది.

నీలం సీసాకి బాత్రూము రాసిపెట్టారు. ఏదైనా దానితో తుడవాలంటే ఆ వస్తువే అక్కడికి పోవాలి, తలుపు వేసుకోవాలి, ముందు గుడ్డ మీద కొట్టి తుడవాలి, తర్వాత చేతులు కడుక్కోవాలి. హాల్లోకి తడిగుడ్డకి మాత్రమే ప్రవేశం. సీసా దీన్ని అవమానంగా తీసుకుంది గానీ, దాని గోడు వినడానికి అక్కడ మగ్గు తప్ప ఎవరూ లేరు.

ఈ హడావుడిలో ఒకటి జరిగింది. పైపు కోసం కిటికీ ఓరగా తెరిచి ఉంచాల్సి వచ్చింది. వీధి దుమ్ము నిశ్చింతగా లోపలికి వచ్చి కూర్చుంది. ఇల్లాలు బకెట్ల మధ్య తిరుగుతోంది, తడిగుడ్డ పట్టుకునేంత తీరిక లేదు. టీవీ మీద పొడి చల్లినట్టు దుమ్ము. శుక్రవారం పొద్దున దాన్ని చూసి గుడ్డ తడుపుతోంది. సరిగ్గా అప్పుడే కాలింగ్ బెల్లు మోగింది.

ఆడపడుచు వచ్చింది. ఆవిడ ఎలాంటి మనిషంటే, హ్యాండ్‌బ్యాగులో చిన్న స్ప్రే సీసా ఉంటుంది, రైల్లో సీటు మీద కొట్టుకుని గానీ కూర్చోదు. వచ్చీ రావడంతోనే హాలంతా ఒకసారి చూసింది. తెరిచిన కిటికీ చూసింది. టీవీ దగ్గరికి నడిచింది. వేలు పెట్టింది, రాసింది, పైకెత్తి చూపించింది. అన్నేళ్ల కిందటి లాగే, ఒక్క మాట లేకుండా.

ఇన్నేళ్లు తుడిచిందంతా ఆ వేలి చివర ఇల్లాలికి బూడిదయిపోయినట్టనిపించింది. ఆడపడుచు బ్యాగులోంచి సీసా తీసింది, పోనీలే నేనే తుడుస్తానన్నట్టుగా. టీవీ ఆ మూత లేని అక్వేరియానికి పక్కనే, మూరెడు దూరంలో ఉంది. రాతి మీద మిగిలిన గుడ్లు ఇవాళో రేపో పిల్లలవబోతున్నాయి. ఆడపడుచు చెయ్యెత్తింది.

ఇల్లాలు ఆ చెయ్యి పట్టుకుంది. నోట్లో నాలుక లేని మనిషని పేరు పడ్డ ఇల్లాలు, ఆడపడుచు చెయ్యి పట్టుకుంది.

"వద్దు వదినగారూ. ఇక్కడ పిల్లలున్నారు."

ఆడపడుచు తెల్లబోయింది. కర్టెను వెనకాలా సోఫా పక్కనా చూసి, ఏ పిల్లలని అడిగింది. ఇల్లాలు ఆవిణ్ణి అక్వేరియం దగ్గరికి తీసుకెళ్లి రాతివైపు వేలు చూపించింది. ఆడపడుచు కళ్లజోడు సర్దుకుని వంగింది. గుడ్లిప్పుడు నారింజ రంగులో లేవు. ముదురు రంగు తిరిగి, ఒక్కోదానిలో రెండేసి వెండి చుక్కలు మెరుస్తున్నాయి. అవి కళ్లు. చిన్నచిన్న కళ్లు, లెక్కలేనన్ని, రెప్పయినా వేయకుండా బయటికి చూస్తున్నాయి.

"అన్నీ నన్నే చూస్తున్నాయేమిటే?" అంది ఆడపడుచు, ఇబ్బందిగా.

"మీరొచ్చినప్పుడల్లా మాకూ అలాగే ఉంటుంది వదినగారూ."

ఆ మాట నోరు జారింది. ఇల్లాలు నాలుక కరుచుకుంది. వంటింటి గుమ్మంలో కాఫీ గ్లాసుతో నిలబడ్డ ఇంటాయన కాఫీ ఒలకబోసుకున్నాడు. ఆడపడుచు గుడ్లవైపు చూసింది, తన వేలికంటిన దుమ్మువైపు చూసింది, మళ్లీ గుడ్లవైపు చూసింది. ఉన్నట్టుండి పకపకా నవ్వింది. ఆవిడ అలా నవ్వగలదని సొంత తమ్ముడికే తెలియదు. నవ్వుతూ ఇంకా ముందుకి వంగితే ముక్కు గాజుకి తగిలింది. గాజు మీద ముక్కు మచ్చ పడింది.

తర్వాత మూడు పూటలూ ఆవిడ మకాం అక్కడే. కంచం కూడా అక్కడికే తెప్పించుకుంది. గొట్టం ఎలా ఊపిరి పీలుస్తుందో, పొగ ఎలా వంగిందో ఇల్లాలు చేతులు తిప్పుతూ చెబుతుంటే, కళ్లింతలు చేసుకుని వింది. నిమ్మ స్ప్రే సంగతి విన్నాక తన బ్యాగులో సీసా తనే తీసుకెళ్లి బాత్రూములో పెట్టింది.

మర్నాడు సాయంత్రం దీపాలార్పిన కాసేపటికి పిల్లలు పుట్టాయి. వెంట్రుక ముక్కలంత పిల్లలు, వెలుగుకోసం వెతుక్కుంటూ. ఆడపడుచు గాజుకి ఆనించి టార్చి పట్టుకుంది. వెలుగు దగ్గరికి అవి గుంపుగా చేరుతుంటే, ఇంటాయన గిన్నెతో మెల్లగా ముంచి, సముద్రపు నీళ్లు పోసి సిద్ధం చేసిన బేసిన్లోకి దింపాడు. ఇల్లాలు బేసిను కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది. అన్నీ దక్కలేదు. కానీ దక్కినవి ఈదుతూనే ఉన్నాయి. ఇల్లాలు ఏడ్చింది, ఆడపడుచు కూడా ఏడ్చింది, టార్చి వెలుగు గోడంతా వణికింది.

సముద్రంలో కూడా ఒక ముచ్చట జరిగింది. పుల్లటి రుచి పోయిందని మొదట గమనించింది ఆడ చేపే. నిమ్మకాయ ఏమిటో దానికి ఇప్పటికీ తెలియదు. కానీ రొయ్య చెప్పింది నిజమని తెలిసింది. వెనక రాయి దగ్గరికి వెళ్లి, క్షమించమని అడగడం చేతకాక, దాని ముందు నోరు తెరిచి నిలబడింది. రొయ్య మీసాలు సర్దుకుని లోపలికి వెళ్లింది.

ప్రయాణం రోజు ఆడపడుచు అందరికీ చెప్పి, చెప్పులేసుకుని, గుమ్మం దాకా వెళ్లి, చెప్పులు విప్పి మళ్లీ లోపలికి వచ్చింది. ఏదో మర్చిపోయిందనుకున్నారు. సరాసరి టీవీ దగ్గరికి వెళ్లింది. ఈ నాలుగు రోజుల్లో దాన్ని ఎవరూ తుడవలేదు, దుమ్ము ఇంకాస్త పేరుకుంది. ఆవిడ చూపుడువేలెత్తింది. అలవాటు కొద్దీ ఇల్లాలు తడిగుడ్డ కోసం చూసింది. ఆవిడ ఆ వేలిని దుమ్ము మీద ఆనించి, మెల్లగా వంపులు తిప్పుతూ, ఒక చేప గీసింది. కన్ను కూడా పెట్టింది. ఏమీ అనకుండా ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

ఇల్లాలు ఇప్పటికీ శుభ్రం మనిషే. రోజూ తడిగుడ్డతో ఇల్లంతా తుడుస్తుంది, వంగి మూలలు కూడా చూస్తుంది. అయ్యాక గుడ్డని పిండి బాత్రూములో తీగ మీద ఆరేస్తుంది. మొన్న నీలం సీసా ఆ గుడ్డని పలకరించింది. పదవి పోయినా పెత్తనం పోలేదు దానికి.

"హాల్లో టీవీ మీద ఇంకా దుమ్ముందట, నిజమేనా?"

"చుట్టూ తుడిచాను. మధ్యలో ఉంది."

"మధ్యలో ఎందుకు వదిలేశావు?"

"అది దుమ్ము కాదు, చేప," అంది గుడ్డ, తీగ మీద తాపీగా ఆరుతూ.